అతుకుల్లో దాగిన లోపం

పాత కారు ఒక్కసారిగా ఆగిపోయి ఇక కదలనంటే లోపం పట్టుకోవడం తేలికే. ఫీజు పోయిందా, తీగ తెగిందా, బ్యాటరీ దిగిపోయిందా అన్నది గంటలో తేలిపోతుంది. కష్టమంతా వచ్చిపోయే లోపంతోనే. చిట్యాల దాటాక హెడ్‌లైట్లు మసకబారతాయి. నార్కట్‌పల్లి దగ్గర ఆపి బానెట్ ఎత్తితే భేషుగ్గా వెలుగుతుంటాయి. జడ్చర్లలో టీ తాగి వచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ ఉలకదు, పలకదు. పావుగంట ఆగి తిప్పితే ఏమీ జరగనట్టే అందుకుంటుంది. తీరా మెకానిక్ ముందు నిలబెట్టిన రోజు బండి బుద్ధిగా నడుస్తుంది. అతను కాయిల్ మార్చి చూద్దామంటాడు. మారుస్తారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది, ఆ తర్వాత కథ మళ్లీ మొదటికొస్తుంది. ఈసారి కండెన్సర్, ఆపైన బ్యాటరీ. చివరికి యజమాని విసిగిపోయి కారును షెడ్డులో పడేస్తాడు. నిజానికి ఆ కారులో పోయిన పార్టు ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. వచ్చిపోయే లోపం చాలా సందర్భాల్లో పార్టులో ఉండదు. పార్టుకూ తీగకూ మధ్య, తీగకూ ఇనుప బాడీకీ మధ్య ఉన్న అతుకులో ఉంటుంది. అతుకును కొలవకుండా పార్టు మార్చడమంటే లోపాన్ని బాగు చేయడం కాదు, కొంతకాలం కనపడకుండా చేయడం.

ఈ సంగతి మీద ఎక్కువగా రాసిందీ వాదించుకుందీ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల యజమానులు. 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీ, 1962లోనే వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ లాంటి రెండు సీట్ల కార్లవి. మన నల్లగొండ, పాలమూరు రోడ్లకు వాటితో ఏం సంబంధమని అనిపించవచ్చు. సంబంధం దగ్గరిదే. 1959 తర్వాతి అంబాసిడర్‌లో బిగించిన 1489 సీసీ ఇంజన్, ఎంజీబీకి ముందరి మోడల్ ఎంజీఏలో మొదట పెట్టిన ఇంజన్ ఒకే కుటుంబానివి. ఎంజీబీలోని 1798 సీసీ ఇంజన్ కూడా ఆ వంశంలోదే. స్పిట్‌ఫైర్‌ను కట్టింది ట్రయంఫ్ హెరాల్డ్ ఛాసిస్‌ను పొట్టి చేసి. ఆ హెరాల్డే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్‌గా తయారై మన ఊళ్లలోనూ తిరిగింది. విలాయతీ కార్లకు డైనమోలు, సెల్ఫ్ మోటర్లు, డిస్ట్రిబ్యూటర్లు ఇచ్చిన లూకాస్ కంపెనీ, టీవీఎస్‌తో కలిసి 1961లో మద్రాసులో లూకాస్-టీవీఎస్‌ను స్థాపించింది. కాబట్టి ఇంగ్లండులో ఎంజీబీ యజమాని పడే తిప్పలూ, సూర్యాపేటలో పాత అంబాసిడర్‌ను ప్రేమగా దాచుకున్న మనిషి పడే తిప్పలూ ఒకే తీరువి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు రోడ్డు మీద ఉన్న ప్రతి అంబాసిడర్ అతుకులూ పదేళ్లు దాటినవే, చాలావాటివి ముప్ఫై, నలభై ఏళ్లవి.

అసలు అతుకంటే ఏమిటో దగ్గరగా చూడాలి. పాత బ్రిటిష్ కార్లలో ఒక తీగను మరో తీగతో కలపడానికి బుల్లెట్ కనెక్టర్లు వాడేవారు. తీగ కొసన పెసరగింజంత ఇత్తడి మొన, అది దూరి కూర్చునే లోహపు గొట్టం, దాని మీద నల్లని రబ్బరు తొడుగు. కొత్తగా ఉన్నప్పుడు మొన గొట్టంలోకి టక్కున దిగుతుంది. ఏళ్లు గడిచాక రబ్బరు తొడుగును వెనక్కి లాగి చూస్తే గొట్టం అంచున ఆకుపచ్చని చిలుము కనిపిస్తుంది. తీగను వేళ్లతో మెల్లగా కదిపితే మొన లోపల వదులుగా తిరుగుతుంది. మొన దగ్గరే ఇన్సులేషన్‌ను కాస్త కోసి చూస్తే, కట్టగా ఉండాల్సిన రాగి పోగుల్లో సగం నల్లబడి విరిగి, నాలుగైదు మాత్రమే అంటుకుని ఉండొచ్చు. పైకి చూస్తే తీగకు ఏ లోపమూ లేదు. ఆ నాలుగైదు పోగులే కారు నడిచినంతసేపు కరెంటు మోస్తున్నాయి. కారు అదిరినప్పుడు అందులో రెండు ఎడమవుతాయి, చల్లబడినప్పుడు మళ్లీ తగులుతాయి. గాజు ఫీజు కూర్చునే ఇత్తడి క్లిప్పులదీ, బాడీకి మరతో బిగించిన ఎర్త్ థింబుళ్లదీ ఇదే కథ. థింబుల్ కింద రంగు, రంగు కింద తుప్పు ఉంటే, మర ఎంత గట్టిగా బిగించినా కరెంటుకు దారి సన్నగానే ఉంటుంది.

ఇక్కడే మీటరు మోసం చేస్తుంది. మెకానిక్ డిజిటల్ మీటరు తీసి హెడ్‌లైటు తీగ కొసన పెడితే 12.4 వోల్టులు చూపిస్తుంది. కరెంటు వస్తోంది కదా, బల్బే పోయి ఉంటుందని తీర్పు చెప్పేస్తాడు. డిజిటల్ మీటర్ల లోపలి నిరోధం సాధారణంగా పది మెగా ఓములు ఉంటుంది. అంటే అది లాగే కరెంటు లేనట్టే లెక్క. ఒకే ఒక్క పోగు మిగిలిన తీగ కూడా ఆ మీటరుకు నిండు వోల్టేజీ చూపించగలదు. సాగర్ ఎడమ కాల్వ మీద చివరి ఆయకట్టు రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు: పై తూములన్నీ మూసి ఉన్నప్పుడు కాల్వ చివర దాకా నీటిమట్టం సమానంగానే కనిపిస్తుంది, తూములు తెరిచి నీళ్లు పారడం మొదలయ్యాకే ఎక్కడ పూడిక ఉందో బయటపడుతుంది. కరెంటులోనూ అంతే. లోడు మీద ఉన్నప్పుడు కొలిచిందే కొలత. 55 వాట్ల హెడ్‌లైటు బల్బు సుమారు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. దారిలో అతుకుల నిరోధం మొత్తం 0.25 ఓములున్నా చాలు, వోల్టుకు పైగా అక్కడే హరించుకుపోతుంది. ఫిలమెంటు బల్బుకు వోల్టేజీ పదోవంతు తగ్గితే వెలుగు దాదాపు మూడోవంతు పడిపోతుంది. అందుకే రాత్రిపూట నకిరేకల్ రోడ్డు మీద దీపాలు మసకగా ఉన్నాయని బల్బులు మార్చిన వాళ్లకు కొత్త బల్బుల్లోనూ అదే మసక కనిపిస్తుంది. సెల్ఫ్ మోటరైతే వంద ఆంపియర్లకు పైనే లాగుతుంది. అక్కడ ఓములో నూరోవంతు నిరోధం కూడా ఒక వోల్టును మింగేస్తుంది.

మరి పార్టు మారిస్తే కొన్నాళ్లయినా ఎందుకు బాగుపడుతుంది? పార్టే కారణమనేవాళ్లు చూపే బలమైన సాక్ష్యం ఇదే. కాయిల్ మార్చిన రోజు నుంచి బండి ఆగలేదు కదా అంటారు. కానీ కాయిల్ మార్చేటప్పుడు జరిగేదేమిటో గమనించాలి. పాత కాయిల్ తీగలు పీకుతారు, టెర్మినల్ మీద ఎమరీ పేపరుతో ఒక రుద్దు రుద్దుతారు, కొత్తదానికి గట్టిగా బిగిస్తారు. ఆ పీకడంలో, రుద్దడంలో, బిగించడంలో చిలుము పొర గీసుకుపోయి లోహం లోహానికి తగులుతుంది. బాగుపడింది అతుకు, పేరొచ్చింది కొత్త కాయిల్‌కు. కానీ తీగ కొసన ఉన్న పాత టెర్మినల్ పట్టు వదులైనదే కాబట్టి కొన్ని వారాల అదురుతో చిలుము మళ్లీ పేరుకుంటుంది. అంటే కొత్త పార్టు వేసిన కొన్నాళ్లకే లోపం తిరిగొచ్చిందంటే ఆ పార్టు డూప్లికేటు అనుకోవడం కంటే, అసలు జబ్బు ఆ పార్టుది కాదని అర్థం చేసుకోవడం న్యాయం.

మన రెండు జిల్లాల వాతావరణం ఈ జబ్బుకు తనదైన రూపం ఇస్తుంది. ఇక్కడ సముద్రపు ఉప్పుగాలి లేదు. కోస్తాలో తుప్పు తినేసినంత వేగంగా ఇక్కడ బాడీని తినదు. కానీ మే నెలలో నల్లగొండలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరడం మామూలే. పగలంతా ఎండలో నిలబెట్టిన కారు రాత్రి చల్లబడుతుంది. ఇత్తడి ఒక లెక్కన, ఉక్కు ఒక లెక్కన, రాగి ఒక లెక్కన సాగి కుంచించుకుంటాయి. ఏళ్ల తరబడి రోజూ ఇలా జరిగితే బిగువుగా ఉన్న క్లిప్పు వదులవుతుంది. చెల్క నేలల ఎర్రదుమ్ము ఎండినంతకాలం పెద్దగా హాని చేయదు. తొలకరి తడి తగిలాక అదే దుమ్ము తేమను పట్టి ఉంచి చిలుముకు పునాది వేస్తుంది. ఊళ్ల గుండా వెళ్లే రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు, మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్ మలుపులు అతుకులను కుదిపి పరీక్షిస్తాయి. వడ్ల బస్తాల పక్కన నెలల తరబడి నిలిపిన కార్లకు ఎలుకల బెడద వేరు. ఎలుక కొరికిన తీగ పూర్తిగా తెగదు, ఇన్సులేషన్ పోయి రాగి బయటపడుతుంది. అది బాడీకి తగిలినప్పుడు ఫీజు పోతుంది, తగలనప్పుడు అంతా సవ్యమే. ఇక సంక్రాంతికి విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్ దగ్గర కట్టే బారులున్నాయి. ఆల్టర్నేటర్ రాకముందు కార్లలో ఉన్న డైనమో, ఇంజన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు బ్యాటరీని ఛార్జి చేయలేదు. లైట్లు వేసుకుని గంటసేపు పాకుతూ పోతే బ్యాటరీయే అంతా మోయాలి. అక్కడ ఆగిపోయిన కారులో లోపమేదీ లేకపోవచ్చు కూడా. డైనమో స్వభావం తెలియక దాన్ని లోపమని పేరు పెట్టి వైరింగంతా పీకించుకున్న కారుకు ఆ పీకుడులోనే కొత్త లోపాలు పుడతాయి.

అందుకే వెతుకులాట స్పానరుతో కాదు, కాగితంతో మొదలవ్వాలి. లోపం వచ్చినప్పుడు ఇంజన్ వేడిగా ఉందా, చల్లగా ఉందా? గుంతలో పడ్డాక వచ్చిందా? వాన కురిసిందా? ఆ క్షణాన ఏయే స్విచ్చులు వేసి ఉన్నాయి? వీటన్నిటిలో విలువైన ప్రశ్న, ఒకేసారి ఇంకేమేం తేడాగా ప్రవర్తించాయన్నది. పెట్రోలు ముల్లూ, టెంపరేచర్ ముల్లూ రెండూ ఒకేసారి పైకి లేస్తే ట్యాంకులోనో రేడియేటర్‌లోనో వెతకడం దండగ. 1960ల మధ్య నుంచి చాలా బ్రిటిష్ కార్లలో ఆ రెండు మీటర్లకూ పది వోల్టుల స్టెబిలైజర్ ఒకటే. అది బాడీకి సరిగ్గా ఎర్త్ కాకపోతే రెండూ కలిసే అబద్ధం చెబుతాయి. బ్రేకు తొక్కితే వెనక ఇండికేటర్ మినుకుమినుకుమంటోందంటే, ఆ లైటు గూటికి ఎర్త్ పోయింది, బ్రేకు బల్బు కరెంటు పక్క బల్బు ఫిలమెంటు గుండా దొడ్డిదారి వెతుక్కుంటోందని అర్థం. ఇలాంటి వాటిలో అత్యంత ప్రమాదకరమైనది ఇంజన్ ఎర్త్ పట్టీ. ఇంజన్ రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది కాబట్టి దానికీ బాడీకీ మధ్య కరెంటు నడవడానికి అల్లిన రాగి పట్టీ ఒకటి వేస్తారు. అది తెగితే సెల్ఫ్ మోటరు లాగే వంద ఆంపియర్లూ ఇంకో లోహపు దారి వెతుక్కుంటాయి. ఆ దారి చాలాసార్లు చోక్ తీగో, యాక్సిలరేటర్ తీగో అవుతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు డాష్‌బోర్డు కింద చోక్ తీగ కాలి పొగ వస్తే చోక్‌ను తిట్టి లాభం లేదు. మీటరు ముళ్లలో ఒకటి బ్యాటరీకి ఎర్త్ వైపున్న టెర్మినల్ మీద, రెండోది ఇంజన్ మీద పెట్టి ఇంకొకరితో సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు దాటిందా, ఎర్త్ దారి చెడింది. అంతకన్నా చవకైన పరీక్ష లేదు.

పార్టులు ఎప్పుడూ తప్పు చేయవని కాదు. వేడెక్కినప్పుడు లోపల తీగ ఎడమయ్యే కాయిళ్లు ఉన్నాయి, వేడికి చెడే కండెన్సర్లూ ఉన్నాయి. ఎండాకాలంలో పెట్రోలు పైపులోనే ఆవిరై ఇంజన్ ఆగిపోవడం కరెంటు లోపంలాగే కనిపిస్తుంది; పంపు మీద తడిగుడ్డ వేసే పాత అలవాటు ఊరికే పుట్టలేదు. కానీ వీటిని వేరు చేయడానికీ కొలతే దారి. కారు వేడిమీద ఆగిపోయిన ఆ నిమిషంలోనే, ఇగ్నిషన్ వేసి ఉంచి కాయిల్‌కు కరెంటు వచ్చే టెర్మినల్ దగ్గర చిన్న బల్బు టెస్ట్ ల్యాంపు పెట్టాలి. బల్బు నిండుగా వెలిగితే అతుకులు అక్కడి దాకా నిర్దోషులు, అప్పుడు కాయిల్‌నూ పాయింట్లనూ అనుమానించవచ్చు. మసకగా వెలిగితే లోపం ఇంకా వెనక, తాళం స్విచ్చులోనో ఫీజు క్లిప్పులోనో ఉంది. పాత స్పోర్ట్స్ కార్లలో ఉండే ఎస్‌యూ పెట్రోలు పంపును చూసినా ఇదే తేలుతుంది. అది కరెంటుతో టిక్కుటిక్కుమంటూ నడుస్తుంది, హఠాత్తుగా ఆగిపోతుంది, స్పానరుతో ఒక్కటి తడితే మళ్లీ నడుస్తుంది. పార్టు పోయినట్టే ఉంటుంది గానీ, లోపల ఆగిపోయింది రెండు చిన్న కాంటాక్టు పాయింట్లే. పార్టు లోపల కూడా తప్పు అతుకుదే.

ఇంకో వాదన ఉంది: లూకాస్ సామానే నాసిరకమని, దాన్ని పీకేసి వైరింగంతా కొత్తగా వేయిస్తే పీడ వదులుతుందని. పాశ్చాత్య దేశాల్లో లూకాస్‌కు చీకటి దొర అని పేరు పెట్టి నవ్వుకుంటారు కూడా. ఇది అన్యాయం. ఆ పద్ధతి సామానుతోనే మన టాక్సీలు ఏళ్ల తరబడి మండుటెండల్లో నడిచాయి. పైగా ఆ వైరింగు వేసినవాళ్లు వెతికేవాడికి సాయపడేలా రంగులు పెట్టారు: బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది గోధుమ, ఇగ్నిషన్‌ది తెలుపు, ఫీజు దాటిన ఇగ్నిషన్‌ది ఆకుపచ్చ, హెడ్‌లైట్లది నీలం, ఎర్త్‌ది నలుపు. ఈ వరుస తెలిసినవాడికి బానెట్ కింద తీగల గుంపు దారి చూపుతుంది. వైరింగు మొత్తం మార్చడం కొన్ని కార్లకు నిజంగా అవసరమే, ముఖ్యంగా ఇన్సులేషన్ పెళుసెక్కి రాలిపోతున్నప్పుడు. కానీ ఒకే రంగు తీగతో, మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లతో, పాత తుప్పు ఎర్త్‌ల మీదే కొత్త వైరింగు వేస్తే అతుకుల సంఖ్య పెరుగుతుంది తప్ప తగ్గదు. దీపాలు మసకగా ఉన్నాయని వంద వాట్ల బల్బులు వేయడం ఇంతకంటే చేటు. ఆ కాలపు కార్లలో హెడ్‌లైట్ల కరెంటు రిలే లేకుండా స్విచ్చు గుండానే పోయేది. రెండు 55 వాట్ల బల్బులకు తొమ్మిది ఆంపియర్లు సరిపోతే, వంద వాట్లవి రెండూ కలిపి పదహారుకు పైగా లాగుతాయి. అతుకులో పుట్టే వేడి కరెంటుకు వర్గంగా పెరుగుతుంది: 0.1 ఓము ఉన్న స్విచ్చులో ఎనిమిది వాట్ల వేడి కాస్తా పాతిక వాట్లవుతుంది. టంకం పెట్టే చిన్న ఐరన్ వేడి అంతే. దీపాలకు రిలే పెట్టి, బ్యాటరీ నుంచి లావు తీగ లాగి, 55 వాట్ల బల్బులే ఉంచితే వెలుగు దానంతటదే పెరుగుతుంది.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం మెకానిక్‌ది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. షాద్‌నగర్‌లోనో మిర్యాలగూడలోనో ఆటో ఎలక్ట్రీషియన్ ఒకడు మూడు గంటలు కూర్చుని ఒక్కో అతుకునూ కొలిచి, చివరికి ఒక థింబుల్ కింద తుప్పు గీకి బిగిస్తే, గీకినందుకా ఇంత అడుగుతున్నావని యజమాని గద్దిస్తాడు. అదే కొత్త కాయిల్ డబ్బా చేతిలో పెడితే మారుమాట్లాడకుండా డబ్బులిస్తాడు. పార్టు కంటికి కనపడుతుంది, వెతికిన సమయం కనపడదు. మెకానిక్‌కు విద్య లేక పార్టులు మార్చడం లేదు. కొలతకు కూలి దొరక్క మారుస్తున్నాడు. తప్పులో సగం బండి యజమానిదే. పార్టు కొనకముందే వెతకడానికి ఇంత అని విడిగా మాట్లాడుకుంటే, ఆ రోజు లోపం దొరకకపోయినా ఇస్తానని చెబితే, మెకానిక్ చేయి పార్టుల అల్మారా వైపు కాక మీటరు వైపు వెళ్తుంది. మూడు అనవసర పార్టుల ధరతో పోలిస్తే ఒక పూట కొలత కూలి ఎక్కువ కాదు. కారును వదిలి వెళ్లకుండా, లోపం వచ్చే పరిస్థితి కల్పించడానికి యజమాని కూడా పక్కనే ఉండాలి: ఎండలో నడిపి వేడెక్కించాలి, స్విచ్చులన్నీ వేయాలి, ఒకరు తీగల కట్టను చోటుచోటున కదుపుతుంటే ఇంకొకరు టెస్ట్ ల్యాంపు మీద కన్నేసి ఉంచాలి. బల్బు ఎక్కడ మిణుకుమంటే అక్కడే వెతకాలి.

బాగైందని తేల్చుకోవడానికి కూడా ఒక కచ్చితమైన పరీక్ష ఉంది, దాన్ని మన షాపుల్లో దాదాపు ఎవరూ చేయరు. కొత్త పార్టు వేశాక పాతదాన్ని పారేయకుండా డిక్కీలో ఉంచాలి. అతుకులన్నీ శుభ్రం చేసి, కొలిచి, బిగించాక ఆ పాత కాయిల్‌నే తిరిగి పెట్టి, లోపం ఏ పరిస్థితిలో వచ్చేదో ఆ పరిస్థితిలోనే నడపాలి: ఎండలో వచ్చేదైతే మధ్యాహ్నం, గతుకుల్లో వచ్చేదైతే ఊరి రోడ్డు మీద. పాత కాయిల్‌తోనే కారు ఆగకుండా నడిచిందంటే ఆ కాయిల్‌లో మొదటి నుంచీ ఏ లోపమూ లేదు. కొత్తదాన్ని డబ్బాలో పెట్టి స్పేర్‌గా ఉంచుకోవచ్చు. శుభ్రం చేసిన అతుకు ఏదో, ఆ రోజు ఎన్ని వోల్టులు చూపిందో ఆ డబ్బా మీదే రాసి పెట్టుకుంటే వచ్చే వానాకాలం తర్వాత మళ్లీ కొలిచి పోల్చుకోవడానికి పనికొస్తుంది.